ఇండియానాపోలిస్ ఇటుకల బాట

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు రెండుసార్లు జ్ఞాపకం చేశారు. అమెరికా యాత్ర గురించి రాయమని వారి సలహా. అమెరికా పోయివచ్చిన పెన్షనర్లకు మనలో ఇప్పుడు కొదవ లేదు. నయాగరా జలపాతం గురించి, స్వేచ్ఛా విగ్రహం గురించి తెలియని ఇల్లు లేదు. కనుక నేను వాటి జోలికి పోను. 2025 జులైలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఒక్క రోజు చూసివచ్చిన ఒక పందెపు బాట చరిత్ర రాస్తాను. బతుకంతా రోడ్లు భవనాల శాఖలో గుమాస్తాగిరి చేసి, కంకర లెక్కలూ తారు లెక్కలూ రాసినవాడికి రోడ్డు చరిత్ర మీద మక్కువ ఉండడం సహజమే కదా.

మా అల్లుడు ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపోలిస్ నగరం శివారున ఉంటున్నాడు. ఒకనాటి ఉదయం మనవడు వచ్చి, "తాతా, ఈరోజు రేస్ ట్రాక్ చూడ్డానికి పోతున్నాం" అన్నాడు. నాకు వెంటనే హైదరాబాదు మలక్‌పేట గుర్రప్పందేల మైదానం గుర్తుకొచ్చింది. "ఈ వయసులో నన్ను పందేలకు తీసుకుపోతావేమిరా" అన్నాను. "గుర్రాలు కాదు తాతా, కార్లు" అన్నాడు. మా ఇంటావిడ చిత్రాన్నం, పెరుగన్నం కట్టింది. ఎండ మన గార్లదిన్నె ఎండంత లేకపోయినా ఉక్క మాత్రం ఎక్కువే.

ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే అని దీని పేరు. విశేషమేమంటే ఇది ఇండియానాపోలిస్ నగరంలో లేదు. దాని పక్కన 1926లో ఏర్పడిన వేరే చిన్న పట్టణంలో ఉంది. ఆ పట్టణం పేరు కూడా స్పీడ్‌వే. బాట కింద తవ్విన సొరంగం గుండా కారులో లోపలికి పోవాలి. మన రైలు గేట్ల దగ్గర వానొస్తే నీళ్ళు నిలిచే అండర్ బ్రిడ్జి వంటిదే అనుకోండి, నీళ్ళు లేవు. పైకి వచ్చేసరికి చుట్టూ కొండల్లాగా మెట్ల గ్యాలరీలు. రెండున్నర లక్షల మందికి పైగా కూర్చోవచ్చునట. మన అనంతపురం పట్టణం జనాభా అంతా వచ్చి కూర్చున్నంత. బాట చుట్టు కొలత రెండున్నర మైళ్ళు, అంటే నాలుగు కిలోమీటర్లు. రెండు పొడుగు దారులు, రెండు పొట్టి దారులు, నాలుగు మలుపులు. మలుపు దగ్గర రోడ్డు లోపలి వైపుకు తొమ్మిది డిగ్రీల పైచిలుకు వాలి ఉంటుంది. బాట లోపల ఎంత స్థలమున్నదంటే, మ్యూజియమూ అక్కడే, గోల్ఫ్ ఆటకు నాలుగు గుంతలూ అక్కడే.

ఇక అసలు కథ.

1900 తర్వాత తొలి ఏళ్ళలో అమెరికాలో కార్ల తయారీకి డెట్రాయిట్‌తో పోటీపడిన ఊరు ఇండియానాపోలిస్. మార్మన్, నేషనల్, కోల్ వంటి కంపెనీలెన్నో ఇక్కడ ఉండేవి. కార్లయితే చేస్తున్నారు గానీ వాటిని గట్టిగా తోలి పరీక్షించడానికి నికరమైన రోడ్డు లేదు. ఉన్నవన్నీ బండి బాటలు. కార్ల్ ఫిషర్ అనే వ్యాపారి, జేమ్స్ ఆలిసన్, ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ అనే మరి ముగ్గురితో కలిసి, ఊరి వెలుపల 320 ఎకరాల పైచిలుకు పొలం కొన్నాడు. ఫిషర్, ఆలిసన్‌లు కార్ల ముందు దీపాలకు ఎసిటిలీన్ గ్యాసు సిలిండర్లు అమ్మి ధనవంతులైనవారు. మన చిన్నతనంలో పెళ్ళి ఊరేగింపుల్లో భుగభుగమంటూ వెలిగిన కార్బైడ్ దీపాల్లో ఉన్నది ఆ గ్యాసే.

1909 మార్చిలో పని మొదలైంది. గ్రావెల్, దాని మీద కంకర, దాని మీద తారు, మళ్ళీ సన్న కంకర పరిచి రోలరు తిప్పారు. మనం ఎన్ని ఎస్టిమేట్లలో రాయలేదు ఈ వరస! బాట సిద్ధం కాక మునుపే జూన్ 5న అక్కడ మొదటి పోటీ జరిగింది. అది కార్ల పోటీ కాదు, గాలిబుడగల పోటీ. బుడగకు రోడ్డుతో పని లేదు గనుక నడిచిపోయింది. ఆగస్టు 14న మోటార్ సైకిళ్ళ పందెం పెట్టారు. కంకర మొనలు చూసి చాలామంది తోలమన్నారు, పందేలు మధ్యలోనే ఆగిపోయాయి. అయినా ఆగస్టు 19న కార్ల పందేలు మొదలుపెట్టనే పెట్టారు. ప్రారంభోత్సవం తేదీ ముందు ఖాయం కావడం, రోడ్డు ఆ తర్వాత తయారు కావడం ఒక్క మన దేశపు ఆచారమే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మొదటి రోజే విలియం బూర్క్ అనే డ్రైవరు, అతని పక్కన కూర్చున్న మెకానిక్ హ్యారీ హోల్‌కూంబ్ చనిపోయారు. రోడ్డు లేచిపోయి గుంతలు పడ్డాయి. కంకర రాళ్ళు ఎగిరి డ్రైవర్ల కళ్ళద్దాలు పగిలాయి. మూడో రోజు ఒక కారు అదుపు తప్పి కంచె దాటి జనంలో పడింది. ఇద్దరు ప్రేక్షకులు, ఒక మెకానిక్ మరణించారు. మూడు వందల మైళ్ళ పందెం 235 మైళ్ళ దగ్గర ఆపేశారు. మూడు రోజుల్లో ఐదుగురు పోయారు. బాట బాగుచేసే వరకు ఇక్కడ పందేలకు రామని మోటారు సంఘంవారు తేల్చిచెప్పారు.

అప్పుడు ఫిషర్ మిత్రులు తీసుకున్న నిర్ణయం నన్ను ఆశ్చర్యపరిచింది. అతుకులు వేసి తారు పూసి సరిపెట్టలేదు. కొంతమేర ఇటుక పరిచి, దాని మీద కారు తోలి పరీక్షించి, బాటంతా ఇటుకలతోనే వేయాలని నిశ్చయించారు. ఇసుక పరుపు మీద 32 లక్షల ఇటుకలు, సందుల్లో సిమెంటు పోసి, 63 రోజుల్లో పూర్తి చేశారు. కాగితం తీసుకుని లెక్కవేస్తే రోజుకు యాభై వేల పైచిలుకు. ఒక్కో ఇటుక బరువు నాలుగు కిలోలకు పైనే. మ్యూజియంలో ఒకటి చేతికి తీసుకుని చూశాను. మన బట్టీ ఇటుక కాదది, రాయే. ఇంత పనికి ఎం.బుక్కులు ఎన్ని రాసి ఉంటారో, పార్టు బిల్లులు ఎన్ని పెట్టి ఉంటారో అని మా ఇంటావిడతో అంటే, "ఇక్కడా అదే గోలనా" అని విసుక్కుంది. 1909 డిసెంబరు 17న ఇండియానా గవర్నరు థామస్ మార్షల్ చివరి ఇటుక పెట్టాడు. 'ఇటుకల ప్రాంగణం' అనే అర్థం వచ్చే ముద్దుపేరు అప్పటి నుంచి ఈ బాటకు ఉంది.

మరుసటి ఏడాది చిన్న చిన్న పందేలు చాలా పెట్టారు. జనం రానురాను తగ్గారు. అప్పుడు ఏడాదికి ఒకే ఒక పందెం, ఐదు వందల మైళ్ళు అని నిర్ణయించారు. బాట చుట్టూ 200 సార్లు తిరగాలి. ఎనిమిది వందల కిలోమీటర్లన్న మాట. గార్లదిన్నె నుంచి హైదరాబాదు పోయి మళ్ళీ వెనక్కి వచ్చినా ఇంకా కొంత మిగులుతుంది. మొదటి పందెం 1911 మే 30న జరిగింది. నలభై కార్లు బయలుదేరాయి. గెలిచినవాడు రే హారూన్. మార్మన్ కంపెనీలో ఇంజినీరు. అప్పటికే పందేలు మానుకుని, ఈ ఒక్కదానికి మళ్ళీ వచ్చినవాడు. ఆరు గంటల 42 నిమిషాలు పట్టింది. సగటున గంటకు 120 కిలోమీటర్లు. 2021లో అదే దూరాన్ని రెండు గంటల 38 నిమిషాల లోపే, సగటున గంటకు 307 కిలోమీటర్ల వేగంతో ముగించారు.

హారూన్ తోలిన కారు మ్యూజియంలో ఉంది. పసుపు రంగు, తోక మొనదేలి కందిరీగలా ఉంటుంది. పేరు కూడా మార్మన్ కందిరీగే. నంబరు 32. మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది దీని ముందే. కారణం చెప్తాను.

ఆ కాలపు పందెపు కార్లలో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు డ్రైవరు, రెండోవాడు మెకానిక్. ఆ మెకానిక్ చేసే పనులేమిటయ్యా అంటే నూనె పంపు కొట్టడం, టైర్లు కనిపెట్టడం, వెనక్కి తిరిగి ఎవరైనా దాటుతున్నారా అని చూసి డ్రైవరుకు చెప్పడం. మన భాషలో చెప్పాలంటే లారీ క్లీనరు. హారూన్ కారులో ఒక్క సీటే ఉంది. వెనక చూసే మనిషి లేకుండా వస్తున్నాడు, ఇది మా అందరికీ ప్రమాదం అని తక్కిన డ్రైవర్లు అభ్యంతరం పెట్టారు. హారూన్ దానికొక ఉపాయం చేశాడు. తన ముందు నాలుగు కడ్డీలు నిలబెట్టి, ఎనిమిది అంగుళాల పొడుగు, మూడు అంగుళాల వెడల్పు అద్దం ఒకటి బిగించాడు. ఎప్పుడో 1904లో ఒక గుర్రపు బండికి అటువంటి అద్దం చూసి ఉన్నానని తర్వాత చెప్పాడు. మ్యూజియంలో ఆ కారుకు ఆ అద్దం అలాగే ఉంది.

మా అన్న లారీ క్లీనరు. నాకంటె మూడేళ్ళు పెద్ద. చదువు అబ్బలేదు. నన్ను చదివించాలని అతడు లారీ ఎక్కాడన్నది మా అమ్మ మాట. మా ఊరి మీదుగా పోయే హైదరాబాదు-బెంగుళూరు రోడ్డు అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి. 2010 తర్వాత 44వ నంబరయింది. అప్పుడది ఒక లారీ పోతే ఎదురొచ్చే లారీ సగం మట్టిలోకి దిగవలసిన రోడ్డు. 1971లో ఒక రాత్రి వేరుశనగ బస్తాల లోడుతో పోతున్నారు. ఆ లారీకి ఎడమ అద్దం పగిలి నెలలయింది. యజమాని వేయించలేదు. డ్రైవరు అడిగితే "క్లీనరు ఉన్నాడు కదా" అన్నాడట. అన్న తలుపు పట్టుకుని తల బయటకు పెట్టి వెనక చూస్తున్నాడు. రోడ్డు అంచున ఉన్న చెట్టు కొమ్మ తగిలింది. అతనికి ఇరవై నాలుగేళ్ళు.

తర్వాత రెండేళ్ళకు నాకు ఉద్యోగం వచ్చింది, అదీ రోడ్ల శాఖలోనే. ఆ చెట్లకు వేసిన నంబర్ల రిజిస్టరు కొన్నాళ్ళు నేనే రాశాను. ఈ సంగతి ఇంతవరకూ నేను ఎక్కడా రాయలేదు. అమెరికాలో ఒక గాజు గదిలాంటి చల్లని హాలులో, 1911 నాటి కారు మీద ఎనిమిది అంగుళాల అద్దం చూసి కదలకుండా నిలబడితే, మా అల్లుడు వచ్చి "మామా, కాళ్ళు నొప్పులా, కూర్చుంటారా" అని అడిగాడు. అతనికీ తెలియదు. అప్పుడు చెప్పాను.

చరిత్ర రాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయాలి. ఆ అద్దం వల్ల హారూన్‌కు ఉపయోగం ఏమీ కలగలేదు. ఇటుకల మీద కారు ఎంతగా అదిరిందంటే అద్దంలో ఏమీ కనిపించలేదని అతడే తర్వాత ఒప్పుకున్నాడు. ఇంకొకటి. అదే పందెంలో పన్నెండో చుట్టులో ఒక కారు బోల్తా పడి శామ్ డిక్సన్ అనే మెకానిక్ మరణించాడు. ఐదు వందల మైళ్ళ పందెంలో మొదటి మరణం డ్రైవరుది కాదు, పక్కన కూర్చున్నవాడిది. అయినా మరుసటి ఏడాది, అంటే 1912 నుంచి, ప్రతి కారులోనూ మెకానిక్ ఉండి తీరాలని నిబంధన పెట్టారు. 1922 వరకు ఉండి, తీసేసి, మళ్ళీ 1930 నుంచి 1937 వరకు అమలుచేశారు. గెలిచిన డ్రైవర్ల ముఖాలన్నీ వెండి ట్రోఫీ మీద చెక్కి ఉన్నాయి. ఐదడుగుల పైన ఎత్తున్న ఆ ట్రోఫీ పేరు బోర్గ్-వార్నర్. 1936 నుంచి ఇస్తున్నారు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. పక్కన కూర్చున్నవాళ్ళ ముఖాలు లేవు.

ఆ మొదటి పందెం లెక్కల మీద ఇంకొక తగాదా కూడా ఉంది. ముఖ్యమైన దారిలో కార్లు గుద్దుకున్నప్పుడు చుట్లు రాసేవాళ్ళు భయపడి చోటు వదిలిపోయారని, రెండో స్థానం వచ్చిన రాల్ఫ్ మల్ఫర్డే నిజానికి గెలిచాడని వాదించేవాళ్ళు ఉన్నారు. మల్ఫర్డ్ మాత్రం ఫిర్యాదు పెట్టలేదు. లెక్క రాసేవాడు ఐదు నిమిషాలు కుర్చీ వదిలితే వందేళ్ళు ఆడిట్ అభ్యంతరం నడుస్తుందన్నమాట. ఈ ముక్క మన పాత సహోద్యోగులకు బాగా రుచిస్తుంది.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండేళ్ళు పందేలు లేవు, అక్కడ విమానాలు బాగుచేశారు. ఫిషర్ అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరం వరకు లింకన్ హైవే అనే రోడ్డు వేయాలని 1912లో ఉద్యమం లేవదీశాడు. మయామీ బీచ్ పట్టణాన్ని లేపాడు. ఆపైన ఆస్తంతా పోగొట్టుకుని 1939లో కన్నుమూశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942 నుంచి 1945 వరకు బాట మూతపడింది. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచింది. పొలాలుగా, ఇళ్ళ స్థలాలుగా మారిపోవలసినదే. మూడుసార్లు ఇక్కడ గెలిచిన విల్బర్ షా అనే డ్రైవరు దాన్ని కొనేవాడి కోసం తిరిగి తిరిగి, టోనీ హల్మన్ అనే వ్యాపారిని పట్టుకున్నాడు. 1945 నవంబరులో ఏడున్నర లక్షల డాలర్లకు చేతులు మారింది. మరుసటి మే నెలలోనే పందెం జరిపించారు. మ్యూజియం 1956లో పెట్టిందీ హల్మనే. బాట లోపలి భవనంలోకి 1976లో వచ్చింది. ఈమధ్య మరమ్మతులకు మూసి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారు. కనుక మేము పోయేసరికి అంతా కొత్తగా ఉంది. 2020 జనవరి నుంచి యాజమాన్యం రోజర్ పెన్‌స్కే కంపెనీది.

మా మనవరాలు, "ఆడవాళ్ళు తోలరా?" అని అడిగింది. 1971 వరకు ఆడవాళ్ళను కార్లు నిలిపే చోటికి కూడా రానివ్వలేదట. 1977లో జానెట్ గత్రీ అనే ఆమె మొదటిసారి ఆ పందెంలో తోలింది. 2009లో డానికా పాట్రిక్ మూడో స్థానంలో వచ్చింది. మనవరాలికి ఆ మూడో స్థానం నచ్చలేదు.

మనవాళ్ళ సంగతి కూడా ఉంది. 2000 నుంచి 2007 వరకు ఫార్ములా వన్ పందేలు కూడా ఇక్కడ జరిగాయి. 2005 జూన్ 19న మద్రాసులో పుట్టిన నారాయణ్ కార్తికేయన్ ఇక్కడ తోలాడు. ఆ ఏడాదే అతడు ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. ఆ రోజు వింత జరిగింది. వాలు మలుపులో ఒక కంపెనీ టైర్లు తట్టుకోవని తేలి, ఆ టైర్లు వేసుకున్న పద్నాలుగు కార్లు ఒక చుట్టు తిరిగి పందెం మొదలుకాక ముందే పక్కకు తప్పుకున్నాయి. మిగిలినవి ఆరే. కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఆరుగురిలో నాలుగు ఏం గొప్ప అని మా మనవడు నవ్వాడు. ఆఖరి వరకు తోలినవాడికే గదా మార్కులు అన్నాను. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం, ఫార్ములా ఈ, జరిగింది. ఫ్రెంచివాడు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగవలసినది రద్దయింది.

ఈ బాట మీద ఇంతవరకు డెబ్భై మందికి పైగా ప్రాణాలు వదిలారు. వరుసగా రెండేళ్ళు గెలిచిన బిల్ వుకోవిచ్ మూడోసారి గెలవబోతూ 1955లో పోయాడు. 1964లో ఇద్దరు మంటల్లో పోయారు. అటుపైన పెట్రోలు మాని వేరే ఇంధనం వాడారు. 2002లో గుద్దిన దెబ్బను తనలోకి పీల్చుకునే ఉక్కు-నురుగు గోడను మొట్టమొదట ఇక్కడే పెట్టారు. మనిషి పోయాక గానీ రూలు రాదు. ఇది ఏ దేశంలోనైనా ఒకటే అనుకుంటాను. నేను మాత్రం పందెం చూడలేను. మా వాళ్ళు మేలో వచ్చి అసలు పందెం చూద్దామంటున్నారు. వద్దన్నాను. నిలబడి ఉన్న కార్లు చాలు.

మధ్యాహ్నం బస్సెక్కించి బాట మీద ఒక చుట్టు తిప్పారు. బస్సుకు వేగం లేదు, మన పల్లెవెలుగు నయం. ఇటుకల మీద 1936 నుంచి విడతలవారీగా తారు కప్పుతూ వచ్చి, 1961లో మొత్తం కప్పేశారు. గెలుపు గీత దగ్గర ఒక్క గజం వెడల్పు మాత్రం ఇటుకలు వదిలారు. అక్కడ బస్సు ఆపి దింపుతారు. 1996లో డేల్ జారెట్ అనే విజేత మోకాళ్ళ మీద వంగి ఆ ఇటుకలను ముద్దు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అదొక ఆచారమైంది. మా మనవడు, మనవరాలు, అల్లుడు, అమ్మాయి వరసగా వంగి ముద్దు పెట్టారు. మా ఇంటావిడ "ఎవరి కాళ్ళు తొక్కినవో" అని దూరంగా నిలబడింది. నాకు మోకాళ్ళు వంగవు. మనవడి భుజం పట్టుకుని వంగి, చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాను.

గెలిచినవాడు ఇక్కడ సారాయి తాగడు, పాలు తాగుతాడు. 1936లో మూడోసారి గెలిచిన లూయీ మేయర్ దాహానికి మజ్జిగ తాగాడు. చిన్నప్పుడు ఎండలో అదే తాగమని వాళ్ళమ్మ చెప్పేదట. అది చూసి పాల కంపెనీలవారు పట్టుకున్నారు. 1956 నుంచి అది విడవని మర్యాద. 1993లో ఒకాయన పాలకు బదులు నారింజ రసం తాగి జనం చేత తిట్లు తిన్నాడు. మజ్జిగ అన్న మాట చెవిని పడగానే మా ఇంటావిడకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది. చెట్టు కింద కూర్చుని పెరుగన్నం తిన్నాం.

వచ్చేటప్పుడు అమ్మాయి అక్కడి దుకాణంలో చిన్న ఇటుక బొమ్మ ఒకటి కొని ఇచ్చింది. సామాను బరువని మా ఇంటావిడ వద్దంది గానీ చొక్కాల మధ్య పెట్టి తెచ్చాను. ఇప్పుడది ఇంట్లో నా బల్ల మీద, లైఫ్ సర్టిఫికెట్ కాగితాలు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఉంది.